పాలక్యాను ఎక్కేంత ఎత్తు

మామిడిపల్లిలో సత్తయ్య మెకానిక్ షెడ్డు ముందర ఒక ఇనప గుంజ ఉంది. దాని మీద, మనిషి నడుము ఎత్తుకు కాస్త కింద, ఎర్ర పెయింటుతో అడ్డంగా గీసిన గీత కనిపిస్తుంది. జీపు ఎత్తు పెంచమని ఎవరొచ్చినా సత్తయ్య ముందు ఆ గీత చూపిస్తాడు. "ఈ బండిల ఎక్కేదెవరు? ఎక్కిచ్చేదేంది? గది జెప్పుర్రి, ఎత్తు నేను జెప్త" అంటాడు. ఆ గీత ఎవరిదని అడిగితే మాత్రం చేతిలో పాన కింద పెట్టేసి స్టూలు లాక్కుని కూర్చుంటాడు.

అది మంఖాల్ ఊరి ప్రేమలత గీత. ప్రేమలత పోయి ఏడాది దాటింది. ఎండకు వెలిసిపోతోందని సత్తయ్య ఈమధ్య దాని మీద మళ్లీ పెయింటు వేశాడు.

ప్రేమలత పాలు పోగుచేసేది. ఊరి వాగు అవతల చేన్లలో ముప్పై ఇళ్లదాకా ఉన్నాయి. అందరికీ బర్రెలున్నాయి, వాగుకు మాత్రం వంతెన లేదు. శ్రీశైలం రోడ్డు మీది పాలకేంద్రం వ్యాను వాగు ఇవతలి గట్టు దాకానే వస్తుంది. వానాకాలం ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో క్యాన్లు మోసుకుంటూ దాటేవాళ్లు. ఆ బాధ చూడలేక ప్రేమలత ఒక పాత జిప్సీ జీపు కొన్నది, నడపడం నేర్చుకున్నది. భర్త శివశంకర్ ఎయిర్‌పోర్టు కార్గోలో పెట్టెలు ఎక్కించే పని చేసేవాడు. "విమానాలకు ఎత్తుతవ్, ఇంట్ల ఒక్క క్యాను ఎత్తవ్" అని అతన్ని ఆమె ఎప్పుడూ దెప్పేది. అందుకే క్యాన్లు ఎత్తడానికి ఆ చేన్లలో ఒక పద్ధతి ఏర్పడింది. ఒక్కో గుంపు ఇళ్లకు ఒక్కో క్యాను. ఎవరు ఆఖరున పాలు పోస్తారో వాళ్లు క్యానుకు ఒక చెవి పట్టుకోవాలి, రెండో చెవి ప్రేమలత పడుతుంది. ఇద్దరూ కలిసి బండిలోకి ఎక్కించాలి. ఆ క్యాన్లను ప్రేమలత వాగు దాటించి నేరుగా కేంద్రానికి చేర్చేది. ఏడేళ్లు అలాగే సాగింది.

ఎనిమిదో ఏడు వానలకు బాట గుంతలు పడింది. టైర్లు రెండు గాడుల్లోకి దిగితే, మధ్య గట్టుకు వెనక ఇరుసు నడుమ కిందికి ఉబ్బి ఉండే ఇనప గుండు ఆనుకుని బండి కదిలేది కాదు. రెండుసార్లు ఎడ్లు కట్టి లాగారు. అప్పుడు మరిది శేఖర్ ముందుకొచ్చాడు.

"వదినా, బండి నాకియ్యి. ఎయిర్‌పోర్టు రోడ్డుకు ఒక దుకాణం ఉంది. మూడించులు లేపి, ముప్పైఒక్క ఇంచుల టైర్లు ఏస్తరు. ఇగ వాగు గాదు, గుట్టలెక్కుతది."

నాలుగు రోజుల తర్వాత బండి తిరిగొస్తే ఊరంతా చూసింది. అరచేయి వెడల్పుకు రెండింతల టైర్లు, బండి బరువు మోసే కొత్త నల్లటి కమాన్ పట్టీలు. శేఖర్ దాని మీద చెయ్యేసి ఫొటో దిగాడు. "పులి లెక్కుంది గద!" అన్నాడు. ప్రేమలతకూ లోపల గర్వంగానే అనిపించింది. స్టీరింగు ముందు కూర్చుంటే పక్కింటి గోడ అవతల మిరపచెట్లు కనిపించాయి. గుండు గట్టుకు ఆనుకోవడమూ మానింది.

మర్నాటి నుంచి తిప్పలు మొదలయ్యాయి. మునుపు తొడమీద ఆనించి ఒక్క ఊపున లోపలికి నెట్టే క్యాను ఇప్పుడు నడుము పైదాకా లేపాల్సి వచ్చింది. వెడల్పు టైర్లు బురద మీద తేలి పక్కకు జారాయి. వీటిని ఆమె ఓర్చుకున్నది. ఓర్చుకోలేనిది వారం తర్వాత వచ్చింది. పాలకేంద్రంలో వెన్నశాతం పడిపోయింది. ఏడు వచ్చే బర్రెపాలకు ఐదున్నర వచ్చింది. అన్ని క్యాన్లకూ కాస్తో కూస్తో తగ్గింది గానీ, అన్నిటికన్నా దూరపు గుంపు క్యానుకు మరీ తగ్గింది.

ఆ గుంపులో పెద్దమనిషి భారతమ్మ. అరవై అయిదేళ్లుంటాయి, నోటికి అడ్డూ ఆపూ లేదు. తెల్లవారి అందరి ముందరా అడిగేసింది.

"ఏం పిల్లా, బండి ఎత్తు పెరిగింది, మా పాలు పలుచనైనయ్. నడుమ వెన్న ఏడికి పోతుంది?"

"పెద్దమ్మా, ఏం మాట అది?"

"ఉన్న మాటే. టైర్లకు పైసలు మా వెన్నలకెళ్లి ఎల్తున్నయేమో!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రేమలత ఏడేళ్లలో ఎవరి పాలలోనూ ఒక చెంచా ముంచని మనిషి. ఇంటికొచ్చి ఖాళీ క్యాను కడుగుతుంటే మూత లోపలి రబ్బరుకు తెల్లగా ఏదో అంటి కనిపించింది. వేలితో గీకి నాలుక మీద పెట్టుకున్నది. వెన్న. ఆమెకు విషయం అర్థమైంది, అర్థమైనకొద్దీ భయమేసింది. కొత్త పట్టీలు గట్టివి. చేన్ల బాటన బండి ఎగిరెగిరి పడుతుంటే, సగం నిండిన క్యానులో పాలు కవ్వం పెట్టినట్టు చిలుకుతున్నాయి. అందరికన్నా ముందు ఎక్కి, అందరికన్నా ఎక్కువ దూరం తిరిగేది భారతమ్మ గుంపు క్యానే, పైగా అది ఎప్పుడూ సగమే నిండుతుంది. కానీ ఈ మూత తీసుకెళ్లి చూపిస్తే ఏమంటారు? వెన్న దొంగ వెన్నతోనే దొరికిందంటారు.

మరునాడు పొద్దున ఆమె భారతమ్మ ముందు నిలబడ్డది.

"పెద్దమ్మా, ఇయ్యాల నువ్వే నాతోని రా. క్యాను మూత నీ చేతులతోనే కట్టు. కేంద్రం కాడ నువ్వే ఇప్పు."

"అంత ఎత్తు నేనెట్ల ఎక్కుతనే?"

కుడితి తొట్టి బోర్లించి ఎక్కించారు. భారతమ్మ చీరకొంగు అంచు చించి, మూతకు మూడు ముళ్లేసింది. దారి పొడుగునా ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో కడుపు పట్టుకుని కూర్చుంది. వాగులో బండి ఒకసారి పక్కకు జారినప్పుడు వినాయకుణ్ని పిలిచింది, బాలాపూర్ లడ్డు మీద ఒట్టేసింది. కేంద్రంలో పాలు పరీక్ష చేసే అరుణ ముందర ముళ్లు తానే విప్పింది. మూత లోపల శనగబద్దలంత వెన్న బిళ్లలు.

"పాలు మంచిగనే ఉన్నయక్కా" అంది అరుణ. "తొవ్వల చిలికినయ్, గంతే. మూతకు అంటింది నా మిషిన్ల లెక్కకు రాదు."

భారతమ్మ మూత కింద పెట్టింది. తర్వాత ప్రేమలత చెయ్యి పట్టుకుంది. "నా పేగులే చిలికినయ్ బిడ్డా, పాలెందుకు చిలకయ్! తప్పయింది." అని, వెంటనే గొంతు మార్చింది. "గని ఇది గిట్లనే ఉంటే ఎట్ల? ఆడోళ్లు ఊకోరు. శుక్రారం దాక ఆపుత. ఆ పైన వాళ్లు మళ్ల నెత్తిమీద పెట్టుకొని వాగు దాటుతరు."

అంటే నాలుగు రోజులు. బండిని పాత ఎత్తుకు దించితే గుండు మళ్లీ గట్టుకు ఆనుతుంది. ఇట్లాగే ఉంచితే పాలు చిలుకుతాయి, నమ్మకం విరుగుతుంది. ప్రేమలత ఆ సాయంత్రమే ఆరు క్యాన్లకూ నీళ్లు నింపి, బండెక్కించి, మామిడిపల్లి బాట పట్టింది.

సత్తయ్య పాత జీపుల మనిషి. నీళ్లతో నిండిన క్యాన్లు చూసి మెచ్చుకోలుగా తలూపాడు.

"బరువుతోని తెచ్చినవ్, మంచి పని జేసినవ్ బిడ్డా. ఖాళీ బండి అబద్ధం జెప్తది." టేపు తీసి వెనక తలుపు కింద నేల దాకా కొలిచాడు. "ముప్పైరెండున్నర. ముందుగాల ఇరవైఏడు ఉండె. ఐదున్నర లేపిండ్రా! గుట్టలెక్కుతవా, పాలు దెస్తవా?"

"నాకెంత గావాల్నో నువ్వే జెప్పు కాకా."

"నేను గాదు, నీ నడుము జెప్పాలె. క్యాను ఎత్తు."

ఇనప గుంజ పక్కన నిలబడి ఆమె నిండు క్యానుకు ఒక చెవి పట్టుకుంది. రెండో చెవి సత్తయ్య పట్టాడు. తొడ మీదికి లేపి, అక్కడి నుంచి ఎంత దాకా ఊపితే శ్రమ లేకుండా పోతుందో అక్కడ ఆగింది. సత్తయ్య రెండో చేత్తో సుద్దముక్క అందుకుని గీత గీశాడు. నేల నుంచి ఇరవైతొమ్మిదిన్నర అంగుళాలు.

"ఇది దాటొద్దు" అంది ప్రేమలత. "ఇంకో చెవి పట్టేది నాకన్న వయసుల పెద్దోళ్లు."

తర్వాత సత్తయ్య నేల మీద బొమ్మ గీసి చెప్పాడు. పట్టీలతో బండిని ఎంత లేపినా లేచేది పైనున్న బాడీయే. గట్టుకు ఆనే గుండు ఇరుసులో ఉంటుంది, ఇరుసు లేవాలంటే టైరే పెద్దది కావాలి. టైరు రెండంగుళాలు పెరిగితే గుండు ఒక అంగుళం లేస్తుంది.

"అయితే ఎత్తు టైర్లనే తెచ్చుకోవాలె, పట్టీలల్ల గాదు" అంది ఆమె.

"అంతే. మరి వెడల్పు?"

ప్రేమలత ఆలోచించలేదు. "సన్నగుండాలె. మా బాపు ఎడ్లబండి చక్రం నాలుగు వేళ్ల వెడల్పే ఉంటుండె. బురదను కోసుకుంట పోయి అడుగున గట్టి మొరం పట్టుకుంటుండె. ఈ దుకాణపు టైర్లు బురద మీద ఈత గొడ్తున్నయ్."

సత్తయ్య గడ్డం గోక్కున్నాడు. పాత జీపులకు వేసే సన్నటి టైర్లు, ఇరవైఎనిమిదిన్నర ఎత్తువి, వాటికి సరిపోయే రిమ్ములతో సహా తెప్పించాడు. అసలు టైర్ల కంటే రెండున్నర పెద్దవి, అంటే గుండుకు అంగుళంపావు లేపు. దుకాణం వేసిన గట్టి పట్టీలు విప్పి పారేశాడు. శేఖర్ పారేయకుండా దాచిన పాత పట్టీలనే కొలిమిలో కాల్చి, కొట్టించి, ఒక్క అంగుళం వంపు పెంచాడు. మెత్తదనం పోనివ్వలేదు. మొత్తం లెక్క ఇరవైతొమ్మిదింపావు. గీతకు పావు అంగుళం కింద.

ముందు చక్రాన్ని బండరాయి మీదికెక్కించి, స్టీరింగు ఆ చివరిదాకా తిప్పి చూస్తే టైరు పైనున్న మడ్గార్డు రేకు అంచుకు రాసుకుంది.

"ఇంకో ఇంచు లేపుదాం బిడ్డా, ఇబ్బంది పోతది."

"లేపొద్దు కాకా. ఆ రేకు అంచే కొయ్యి."

"మంచి రేకు ఎవరన్న కోస్తరా?"

"జాకిటి చంకల పట్టేస్తే కుట్టు ఇప్పుకుంటం, మనిషిని సాగదీస్తమా?"

సత్తయ్య కటింగు మిషను తెమ్మన్నాడు. నలభై ఏళ్లుగా బండ్లు విప్పుతున్న తనకు ఆ మాట తట్టలేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు, అదీ గర్వంగా చెప్పుకుంటాడు.

బండి ఇంటికి రాగానే శేఖర్ చుట్టూ తిరిగి చూశాడు. "ఛ, పులిని తీస్కపోయి ఏం జేసినవ్ వదినా!"

"పులి ఎందుకు శేఖర్, నాకు బర్రె గావాలె. బురదల దిగాలె, లేవాలె, పాలియ్యాలె."

శుక్రవారం రాత్రంతా కురిసి, తెల్లారేసరికి వాగు ఎర్రగా పారుతోంది. పైన విమానం దిగుతున్న చప్పుడు, కింద నీళ్ల చప్పుడు. ఆడవాళ్లు అవతలి గట్టున చెంగులు నెత్తిన వేసుకుని నిలబడ్డారు, కొందరు చుట్టకుదుళ్లు కూడా తెచ్చుకున్నారు. ప్రేమలత బండిని మెల్లగా దింపింది. సన్నటి టైర్లు బురదలోకి దిగిపోయాయి. ఇంకా దిగాయి. ఆమె యాక్సిలరేటరు మీంచి కాలు తీయలేదు. అప్పుడు అడుగున గరగర వినిపించింది. మొరం. చక్రాలు దాన్ని పట్టుకున్నాయి. బండి తడబడకుండా, తొందరపడకుండా అవతలి గట్టెక్కింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చుట్టకుదుళ్లు మాత్రం బొడ్లో దోపుకున్నారు. ఆ రోజు భారతమ్మ కావాలనే తన గుంపులో ఆఖరున పాలు పోసింది. క్యానుకు ఒక చెవి పట్టుకుంది. "పట్టు బిడ్డా" అంది. ఒక్క ఊపు. క్యాను లోపలికి జారింది. భారతమ్మ తన చేతులు తానే చూసుకుని, "ముసలిదాన్ని అనుకుంటున్న, ఇంకా పనికొస్తనే" అని నవ్వింది.

కేంద్రంలో అరుణ మూత తీసి, వేలితో రబ్బరు తడిమి, ఏమీ అంటలేదని వేలు చూపించింది. మిషను ఇచ్చిన చీటీ మీద ఆరు పాయింటు తొమ్మిది. ఆ చీటీని ప్రేమలత బండి అద్దానికి అంటించుకుంది. అక్షరాలు పూర్తిగా చెరిగిపోయాక కూడా ఆ కాగితం అక్కడే ఉంది.

ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్లు ఆ బండి, ఆ ఎత్తులోనే, ఆ వాగు దాటింది. పాలు తగ్గాయన్న మాట మళ్లీ రాలేదు. కూరగాయల రైతులు, పశువుల డాక్టరు, ఎవరు జీపు ఎత్తు పెంచుకోవాలన్నా ముందు ప్రేమలతను అడిగి, ఆమె పంపితేనే సత్తయ్య దగ్గరికి వెళ్లేవాళ్లు. "ముందుగాల ఏం మోస్తవో ఎత్తి సూస్కో, ఇంచులు ఆనక" అనేది ఆమె. సుద్దగీత చెరిగిపోతుంటే సత్తయ్య పెయింటు వేసింది ఆ రోజుల్లోనే.

ఇప్పుడు బండి నడిపేది ఆమె కూతురు మనీషా. తల్లికంటే జానెడు పొడవు. పట్టీలు మార్చుకోవడానికి మొన్న మామిడిపల్లి వెళితే, సత్తయ్య ఆ పిల్లను గుంజ పక్కన నిలబెట్టి చూశాడు.

"నీకు రెండించులు ఎక్కువ పెట్టొచ్చు బిడ్డా. కొత్త గీత గీయాల్నా?"

మనీషా గీత మీద వేలు పెట్టింది. పెయింటు ఇంకా కొత్తగా, నున్నగా ఉంది.

"వద్దు కాకా. పొడుగు పెరిగింది నేను. ఇంకో చెవి పట్టేది ఇప్పటికీ భారతమ్మ అవ్వనే."