మా ల్యాప్‌టాప్ మీదుగా పోయిన విమానం

నేను చీరల అంచులు గీస్తాను. గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో ఒక్కో గడీ నింపుకుంటూ పోతే అది నెమలి అవుతుంది, మామిడి పిందె అవుతుంది, ఒక్కోసారి ఏమీ కాదు. ఆ గీతల్ని మా ఆయన మగ్గం మీద నేస్తాడు. మా ఊరు కడప నుంచి బస్సులో గంట. వీధిలో ఏ ఇంటి ముందు నిలబడినా మగ్గం చప్పుడే. అందుకని మేము మామూలుగా మాట్లాడుకున్నా కొత్తవాళ్లకు పోట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

మా చీరలు తీసుకునే మేడం కర్నూలులో ఉంటుంది. ఒకరోజు ఫోన్ చేసి, ఇకమీదట అంచులు కాగితం మీద వద్దు, కంప్యూటరులో గీసి పంపమంది. రంగులు మార్చి చూసుకోవడానికి ఆమెకు సులువంట. మా తమ్ముడు కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కున్నాడు గనక పాతది నాకిచ్చి, రెండు రోజులు ఇంట్లో ఉండి నేర్పించి వెళ్లాడు. గీయడం తొందరగానే వచ్చేసింది. గడులు నింపే పని ఇరవై ఏళ్లుగా చేస్తున్నదే కదా. పంపడమే కష్టమైంది. మా ఇల్లు పల్లంలో ఉంది. చుట్టూ నాపరాళ్ల గోడలు. ఫోన్ సిగ్నల్ మా గడప దాకా వచ్చి, లోపలికి రాకుండా ఆగిపోతుంది.

ఇంటి వెనక గోడకు అవతల చర్చి ఉంది. మా అత్త కాపురానికి రాకముందు నుంచీ ఉన్న చర్చి. ఆదివారం ప్రార్థన ఊరిలో లేనివాళ్లకు ఫోన్లో చూపించడానికి వాళ్లు ఈమధ్యే వైఫై పెట్టించుకున్నారు. అక్కడి పాస్టరు గారిని వీధిలో అందరం అయ్యగారు అంటాం, ఆయన భార్యను అమ్మగారు అంటాం. నా అవస్థ విని అయ్యగారు, "వారమంతా ఊరికే ఉండేదే గదమ్మా, వాడుకో" అన్నారు. అమ్మగారు గోడ అవతల స్టూలెక్కి నిలబడి పాస్‌వర్డు ఒక్కో అక్షరమే చెప్పింది. మగ్గాల చప్పుడులో నాకు వినపడలేదు. ఆమె గొంతు పెంచింది. నేను "ఏందీ?" అని ఇంకా పెంచాను. నా ల్యాప్‌టాప్‌లో వైఫై వచ్చేసరికి వీధిలో ఇంకో నలుగురి ఫోన్లలో కూడా వచ్చేసింది.

పది రోజులు బాగానే నడిచింది. పదకొండో రోజు పొద్దున ల్యాప్‌టాప్ తెరిచి చూస్తే, కింద మూలలో విసనకర్రలా ఉండే వైఫై గుర్తు లేదు. ఆ చోట చిన్న విమానం బొమ్మ ఉంది.

విసనకర్ర లేదని నేను అరిస్తే, మా ఆయన మగ్గం గుంతలోంచి తల ఎత్తి, "విసనకర్ర యాడికి పోయిందే?" అని అడిగాడు.

"నాకేం దెల్సు? ఆడ విమానమొచ్చి కూర్చోనుండాది."

తమ్ముడికి ఫోన్ చేయడానికి వీధి మలుపు దాకా నడిచాను. వాడు ఆఫీసులో ఉన్నాడు. "ఆపి మళ్లీ వెయ్యక్కా" అన్నాడు. వేశానన్నాను. "ఇంకోసారి వెయ్యి" అని పెట్టేశాడు. విమానం సంగతి చెప్పడానికి నాకే సిగ్గేసింది. ఆపి మళ్లీ వేశాను. బొమ్మ కదల్లేదు. అమ్మగారిని అడిగితే, వాళ్ల ఫోన్లో వైఫై చక్కగా వస్తోందంది.

ఇక మా ఆయన ఎదురింటి మామను పిలుచుకొచ్చాడు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. మా వీధిలో విమానం ఎక్కిన మనిషి ఆయనొక్కడే. కూతురు టికెట్ కొనిపెడితే కడపలో ఎక్కి హైదరాబాదులో దిగాడు. ఆ రోజు నుంచి మిక్సీ చెడిపోయినా, టీవీ రాకపోయినా వీధివాళ్లు ఆయన్నే పిలుస్తారు. మామ కళ్లద్దాలు పెట్టుకుని, తెర దగ్గరికి వంగి చూసి, తేల్చి చెప్పాడు.

"ఇది విమానం."

"అది మాకూ కనపడతాంది మామా" అన్నాడు మా ఆయన.

"చెప్పేది విను. విమానం ఎగిరేటప్పుడు ఫోన్లు ఆపాల. విమానంలో పనిచేసే పాప నా దగ్గరికొచ్చి, 'ఆపండి సార్' అని ఎన్నిసార్లు చెప్పిందో! ఎందుకు? విమానానికీ నెట్టుకూ పడదు. ఇప్పుడు మన నెత్తిన యాడో విమానం పోతాంది. అదే దీంట్లో చూపిస్తాండాది. అది దాటిపోతానే మీ నెట్టు వస్తాది."

"మరి అమ్మగారి ఫోన్లో వస్తాంది గదా?" అని నేను అడిగాను.

"ఫోను చిన్నది మే. తప్పించుకుంటాది. దీన్ని చూడు, పలక మాదిరి ఎంత వెడల్పుండాదో!"

ఆయన ఆ మాట అంటూ ఉండగానే పైన మోత వినిపించింది. అందరం మిద్దె మీదికి పరుగెత్తాం. నిజంగానే విమానం, కడప వైపు దిగుతూ పోతోంది. అది కనుమరుగయ్యేదాకా నిలబడి చూసి కిందికొచ్చాం. మగ్గం ఇంట్లో నూలు నూగు ఎగురుతూనే ఉంటుంది. అప్పటికే కీబోర్డు మీద తెల్లగా పరుచుకుంది. రోజూ చేసినట్టే పాత చీర ముక్కతో గట్టిగా తుడిచి చూశాను. విమానం బొమ్మ పోయింది. విసనకర్ర వచ్చేసింది!

మా అత్త రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఆ దండం విమానానికో మామకో తెలియలేదు. మామ మాత్రం తనకే అనుకుని, "ఉండనీలే వదినా" అన్నాడు.

అక్కడ మొదలైంది మా ఇంటి కష్టం. ఒకరోజు నెట్టు వచ్చేది, ఒకరోజు విమానం వచ్చేది. మా అత్త నూలు కండెలు చుట్టే రాట్నాన్ని మిద్దె మీదికి మార్పించుకుంది. తలకు తడిగుడ్డ వేసుకుని ఆకాశం చూస్తూ చుట్టేది. "వచ్చినాది!" అని పైనుంచి అరిస్తే నేను ల్యాప్‌టాప్ మూసేదాన్ని. "పోయినాది!" అంటే తెరిచేదాన్ని. మధ్యలో రెండుసార్లు గద్దను చూసి కూడా అరిచింది.

నిజానికి మా మీదుగా విమానం రోజూ రాదు. ఆకాశంలో ఏమీ లేని రోజు కూడా తెర మీద బొమ్మ ఉండేది. అదే మామను అడిగాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, "శానా ఎత్తులో పోతాంటాది. మన కంటికి ఆనదు. మిషనుకు ఆనుతాది" అన్నాడు.

మూడో రోజో నాలుగో రోజో ఆయనే ఇంకో ఉపాయం చెప్పాడు. విమానానికి కనపడకుండా ల్యాప్‌టాప్‌ను భూమి లోపల పెట్టాలంట. మా ఇంట్లో భూమి లోపల ఉన్న చోటు ఒక్కటే, మా ఆయన కాళ్లు పెట్టుకుని కూర్చునే మగ్గం గుంత. మా ఆయన లేచి బయటికొచ్చాడు. నేను దిగాను. గుంతలో నూగు ఇంకా ఎక్కువ. కీబోర్డు తుడిచాను. విసనకర్ర వచ్చింది! అందరం చప్పట్లు కొట్టాం. సంతోషంలో, పని మొదలుపెట్టే ముందు శుభ్రంగా ఉండాలని ఇంకోసారి తుడిచాను. విమానం వచ్చింది. మామ గుంతలోకి తొంగిచూసి, "ఇంకా లోతు తవ్వాల" అన్నాడు. మా ఆయనకు అప్పుడు కోపం వచ్చింది. "మామా, ఇది మగ్గం గుంత. బావి కాదు" అన్నాడు.

వైఫై పెట్టిన మనిషి ఒకరోజు బండి మీద చర్చికి వస్తే, అమ్మగారు గోడ మీదుగా నన్ను పిలిచింది. అతను పెట్టె చూసి, లైటు పచ్చగా వెలుగుతోందనీ, తన పని బాగుందనీ చెప్పాడు. "ఒక్కసారి మా ఇంటికొచ్చి చూడు నాయనా" అని బతిమాలాను.

"గోడకు ఈ పక్క వరకే మా డ్యూటీ అక్కా" అన్నాడు.

"గోడ మీదుగా చూపిస్తా, చూస్తావా?"

"గోడ మీదికీ రాకూడదు."

అమ్మగారికి నా మీద జాలి పుట్టింది. ఆ ఆదివారం ప్రార్థనలో జబ్బుపడినవాళ్ల పేర్లన్నీ చదివాక అయ్యగారు మైకులో, "గోడ పక్క మన సహోదరి కంప్యూటరును కూడా ప్రభువు ముట్టి బాగుచేయాలని వేడుకుందాం" అన్నారు. ఆ మైకు ఊరంతా వినిపిస్తుంది. నేను అప్పుడు వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. చేయి అలాగే గిన్నెలో ఉండిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు గానీ, అంతమంది ఒక్కసారిగా "ఆమెన్" అన్నప్పుడు చింతపండు చేత్తోనే కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. నా పని గురించి ఊరిలో అంతమంది ఒకేసారి తలుచుకోవడం అదే మొదటిసారి.

మర్నాడు కూరగాయల దగ్గర అందరూ పరామర్శలే. "కంప్యూటరుకు ఎట్లుండాదక్కా? తగ్గిందా?" అని వంకాయల ఆమె అడిగింది. "ఇంకా అట్లే ఉండాది" అన్నాను. ఇంకొకామె దిష్టి అంది. మా అత్త ఆ మాట పట్టుకుని ఇంటికి రాగానే ఉప్పూ మిరపకాయలూ ల్యాప్‌టాప్ చుట్టూ తిప్పింది. ఒక ఉప్పురాయి కీబోర్డులో పడి, రెండు రోజులు ఎస్ అక్షరం నొక్కుకోలేదు.

ఇంతలో కర్నూలు నుంచి మేడం ఫోన్. హంసల అంచు ఎప్పుడు పంపుతారు, పెళ్లిళ్ల సీజను వచ్చేస్తోంది అని. వీధి మలుపులో నిలబడి, "విమానాలు శానా ఎక్కువైనాయి మేడం" అన్నాను. ఆమె ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. తర్వాత, "మీరే ఒకసారి రాండి" అంది.

ల్యాప్‌టాప్ తుడిచి, పాత చీరలో చుట్టి, సంచిలో పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కాను. కర్నూలు బస్టాండులో దిగి, షేర్ ఆటోలో కల్లూరు వైపు పోయాను. అక్కడ కొత్త ఇళ్ల మధ్య మేడం షాపు. ఆమెకు నా వయసే ఉంటుంది. చీరల దొంతర పక్కకు జరిపి, ల్యాప్‌టాప్ పెట్టుకోమని చోటిచ్చింది. తెరిచాను.

"మేడం, ఈడ గూడా పోతాండాది."

"ఏంది పోయేది?"

"విమానం."

ఆమె తలెత్తి పైకప్పు చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత తెర చూసింది. చేయి చాపి, కీబోర్డు పై వరసలో ఒక మీట నొక్కింది. విమానం మాయమైంది. ఆ మీట మీద కూడా, గింజంత విమానం బొమ్మ ఉంది. ఇన్నాళ్లూ దాన్ని రోజూ తుడుస్తూ కూడా నేను చూడలేదు.

"విమానం ఎక్కినప్పుడు వైఫై ఆపుకునేదానికి ఈ మీట పెట్టినారు. ఒకసారి నొక్కితే ఆగుతాది, ఇంకోసారి నొక్కితే వస్తాది. మీరు కీబోర్డు తుడుస్తారా?"

"రోజూ."

"గట్టిగానా?"

నేను సంచిలోంచి చీర ముక్క తీసి చూపించాను. ఆమె నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. మూడు వారాలు! మా అత్త ఎండలో నల్లబడింది. మా ఆయన గుంత ఖాళీ చేశాడు. ఊరంతా దేవుణ్ణి అడిగింది. అదంతా మేడంకు చెప్పాను. చెబుతూ ఉంటే నాకే నవ్వొచ్చింది. చివరికి ఇద్దరం కళ్లు తుడుచుకుని, ఆమె తెప్పించిన టీ తాగాం.

తిరుగు బస్సులో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఆ మీట నొక్కుతూ కూర్చున్నాను. విమానం వచ్చింది, పోయింది, వచ్చింది, పోయింది. పక్క సీటు ఆమె, "ఏం చేస్తాండావమ్మా?" అని అడిగింది. "నేర్చుకుంటాండా" అన్నాను.

ఇంటికొచ్చి చూపిస్తే మా ఆయన మగ్గం ఆపి, చేతిలో ఉన్న నూలు నాడె పక్కన పెట్టి, తనూ పదిసార్లు నొక్కి చూశాడు. మా అత్త కూడా ఒకసారి నొక్కి చూసింది. "అయితే నేను ఎండలో కూర్చునిందంతా వట్టిదేనా?" అంది చివరికి. నేను తల దించుకున్నాను. "పోనీలే, విమానాలు బాగుంటాయి చూసేదానికి" అని రాట్నం దగ్గరికి పోయింది. ఎదురింటి మామకు చెప్పడానికి మా ఆయనే వెళ్లాడు. మామ అంతా విని, "నేను చెప్పిందేంది? విమానమే అడ్డమన్నా. విమానమే గదా?" అన్నాడంట. ఎంత ఆలోచించినా ఆ మాటలో తప్పు పట్టలేకపోయాం.

అయ్యగారికి చెప్పడానికి నేనే గోడ దగ్గరికి పోయాను. మొత్తం చెప్పి, ఊరికే అందరిచేతా ప్రార్థన చేయించానని క్షమించమన్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "మీటెవరు చూపించినారు?" అని అడిగారు. కర్నూలు మేడం అన్నాను. "ప్రభువు మంచి మనిషిని చూపించినాడు గదా, చాలు" అన్నారు. ఆ ఆదివారం మైకులో, సహోదరి కంప్యూటరు బాగైందని స్తోత్రం చెప్పారు. మీట సంగతి మాత్రం చెప్పలేదు. అమ్మగారు గోడ మీదుగా ఒక గిన్నె పాయసం ఇచ్చింది.

మరుసటి వారం హంసల అంచు ఏ అడ్డూ లేకుండా వెళ్లింది. సాయంత్రానికి మేడం దగ్గర్నుంచి జవాబు వచ్చింది. అంచు బాగుందంట, హంసల మెడలు ఇంకో నాలుగు గడులు పొడవు చేయమంది. చేశాను. చూస్తే అవి అచ్చం కొంగల్లా ఉన్నాయి. మా ఆయనకు చూపిస్తే, "ఇవి హంసలని ఎవరన్నా అంటారా?" అన్నాడు. అయినా పంపించాను. ఇవే బాగున్నాయి, ఇట్లాగే నెయ్యమనండి అని మేడం రాసింది. మర్నాడు పొద్దున్నే మా ఆయన గుంతలో దిగి కొంగలు నేయడం మొదలుపెట్టాడు.