నీళ్ళ మీద మసి

ఆ ప్రయోగశాలలో ఆమెను అందరూ రేకులక్క అనేవారు. బంగారు రేకులనుకునేరు, అంత అదృష్టమా! వట్టి కార్బన్ రేకులు. గాజు పలక మీద సబ్బు పూత, దాని మీద కార్బన్ పూత. ఆ పలకను తొట్టిలో ఏటవాలుగా ముంచితే సబ్బు కరిగి, నల్లటి పొర ఒకటి నీళ్ళ మీద తేలుతుంది. దాన్ని చిన్న లోహపు చట్రంతో పైకి తీయాలి. తుమ్మితే పోయింది, దగ్గితే పోయింది, గట్టిగా నిట్టూర్చినా పోయింది. అందుకే ఆ కాసేపూ ఆమె ఊపిరి బిగబట్టేది.

ఆమె భర్త మాత్రం సరిగ్గా అప్పుడే ఊడిపడేవాడు. పక్క గదిలో కణాల్ని పసిగట్టే డిటెక్టర్లు చూసుకునే టెక్నీషియన్ అతను. తొట్టిలోకి వంగి, పెద్దాఫీసరులా మొహం పెట్టి, "ఏమండీ మేడమ్, మీ నీళ్ళలో మసి పడిందే!" అనేవాడు. ఎప్పుడూ అదే ముక్క. అంత పాత జోకుకి ఎవరైనా నవ్వుతారా? ఈవిడ నవ్వేది. రేకు కాస్తా చిరిగేది.

"మీ నోరు పడిపోను! పొద్దుటి నుంచి పడ్డ కష్టమంతా పాడుచేశారు కదా!"

ఆ రేకులు దేనికో విడమరిచి చెప్పిందీ అతనే, టీ తాగుతూ.

"నక్షత్రం కడుపులో మూడు హీలియం కేంద్రకాలు ఒకచోట చేరితే కార్బన్ కేంద్రకం అవుతుందోయ్. కానీ ఉండాల్సిన దానికంటే ఎక్కువ శక్తితో పుడుతుంది. కుదురుండదు. దాదాపు అన్నీ వెంటనే మళ్ళీ మూడు ముక్కలైపోతాయి. ఏ రెండున్నర వేలకో ఒకటి, ఆ ఎక్కువైన శక్తిని కాంతిగా వదిలేసి నిలబడుతుంది. నువ్వూ నేనూ, ఈ టీలో చక్కెరా, నీ రేకూ, అన్నీ ఆ నిలబడ్డవాటి పుణ్యమే."

"మరి ఇక్కడ మీరంతా చేసేదేమిటి?"

"మా యంత్రంలోంచి కణాలు దూసుకొచ్చి నీ రేకుని కొడతాయి. అందులో కొన్ని కేంద్రకాలకి అదే ఎక్కువ శక్తి ఎక్కించి గంగవెర్రులు ఎత్తిస్తాయి. ఎన్నింటికి ఒకటి నిలబడుతుందో కచ్చితంగా లెక్క తేలితే, నక్షత్రాల్లో ఎంత కార్బన్ తయారవుతుందో తేలుతుంది."

"ఆ నిలబడ్డది ఒక్కటి నాకు చూపించరూ?"

"ఈ పాత డిటెక్టర్లకి చిక్కదే. కొత్తవి రానీ, మొదటిది నీకే చూపిస్తా. ఒట్టు."

కొత్తవి వచ్చాయి. అతనే లేడు. ఒక మధ్యాహ్నం గుండె ఆగి, కూర్చున్న కుర్చీలోనే వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి ఆమె చేతిలో ఒక్క రేకూ చిరగలేదు. పైవాళ్ళు మెచ్చుకున్నారు కూడా. వాళ్ళదేం పోయింది, మెచ్చుకోక! ఊపిరి బిగబట్టిన ప్రతిసారీ ఆమె చెవులు తలుపు వైపే ఉండేవి. ఒక్కసారి వచ్చి పాడుచేసి పోరాదా అని ప్రాణం కొట్టుకుపోయేది. అతని తాలూకు మిగిలింది ఆ ఒట్టు ఒక్కటే. అందుకే కొత్తగా వచ్చిన సైంటిస్టు అమ్మాయి కనిపించినప్పుడల్లా అడిగేది, "నిలబడ్డది కనబడితే నాకు చెప్పమ్మాయ్, మర్చిపోకేం?"

ఒక ఉదయం ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "అక్కా, దొరికింది, రా!"

తెర మీద ముక్కలైపోయినవన్నీ మూడేసి చుక్కలుగా కనిపిస్తున్నాయి. ఒకచోట మాత్రం ఒకటే చుక్క. దాని పక్కన, కాంతి తగిలిన గుర్తుగా రెండు సన్నటి గీతలు.

"ఇంతేనా?"

"ఇంతే అక్కా. నీ రేకులోదే."

ఆమె కళ్ళార్పకుండా చూసింది. సంతోషమే, ఎవరు కాదన్నారు? ఆ సంతోషాన్ని మోసుకెళ్ళి ఎవరికి చెప్పుకోవాలి? అలవాటు కొద్దీ పక్కకి తిరిగి "చూశారా" అనబోయి నోరు మూసుకుంది. అతను చూపిస్తానన్నది చూసేసింది. ఇక ఎదురుచూడ్డానికి ఏమీ మిగల్లేదు.

పని ఆగదు కదా, తన గదికి వచ్చి కొత్త పలకను నీళ్ళలో ముంచింది. అమ్మాయి కూడా వెంట వచ్చింది. పాపం, రేకు తీయడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు, తన లోకమంతా కంప్యూటరే. పొర తేలింది. రేకులక్క ఊపిరి బిగబట్టి, చట్రాన్ని మెల్లగా దాని కిందికి జరిపింది.

అమ్మాయి తొట్టిలోకి వంగి చూసి, "అక్కా, నీళ్ళలో ఏదో మసి పడినట్టుందే?" అంది.

రేకులక్క పెదవులు బిగించింది. లాభం లేకపోయింది. నవ్వు తన్నుకొచ్చింది. పగలబడి నవ్వింది, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. రేకు చిరిగి పీలికలై నీళ్ళ మీద తిరుగుతోంది.

"అయ్యయ్యో, నా వల్లేనా అక్కా?" అమ్మాయి హడలిపోయింది.

"నీ నోరు పడిపోను!" అంది రేకులక్క, అరచేత్తో కళ్ళు తుడుచుకుంటూ. "ఏదీ, ఇంకోసారి అను."