అద్దప్పెట్టెలోంచి చేపల్ని తీసేయండి

కాక చనిపోయిన పదకొండో రోజున ఫిజిక్స్ విభాగంవాళ్లు, బోర్లించి ఉన్న ఆయన అద్దప్పెట్టెను తిరగేసి, నీళ్లు పోసి, చేపలు వేశారు. విభాగం పెద్దసారు గది బయట సోఫా పక్కన పెట్టారు. ఆరు ఎర్ర చేపలు, అడుగున రంగురాళ్లు, బుడగలు వదిలే ప్లాస్టిక్ శంఖం.

కాక అంటే తార్నాక పక్కన క్యాంపస్‌లో ఒక ఫిజిక్స్ ప్రయోగశాలకు అటెండరు. ముప్పై ఏళ్లూ కాంట్రాక్టు మీదే. పదో తరగతి చదువు. ఛాతీ పట్టేసినట్టుందని మూడు రోజులు చెబుతూనే రెండో అంతస్తు నుంచి పాత బెంచీలు కిందికి మోశాడు. నాలుగో రోజు పొద్దున డ్యూటీకి బయల్దేరి మెట్టుగూడ బస్టాపులో కూలిపోయాడు. ఆయన కూతురు నాకు ఫోన్ చేసింది. "అన్నా, నాయిన లేడు" అన్నది. ఆటో సగమే పక్కకు తీసి, వెనక హారన్లు కొడుతుంటే అట్లాగే కూర్చున్నాను.

నేను ఆటోలో డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, డెలివరీ చేస్తాను. ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పినవాణ్ని. మా సరుకు ఎక్కువగా ఫంక్షన్ హాళ్లకు పోతుంది, పెళ్లికూతురు నడిచొచ్చేటప్పుడు కాళ్ల కింద పొగ రావడానికి. అందుకే మొదటిసారి ప్రయోగశాలకు డబ్బా మోసుకెళ్లినప్పుడు "ఎవరి పెళ్లి కాకా?" అని అడిగాను.

"నీదే. కూసో. ఆ లైటు బంద్ చెయ్" అన్నాడు.

ఆ పెట్టె రామంతాపూర్‌లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ పారేసిన చేపల తొట్టి. దాన్ని బోర్లించి, కింద నల్లరంగు వేసిన అల్యూమినియం పలక, పలక కింద నా డ్రై ఐస్. తొట్టి పైభాగాన లోపల అంటించిన మందపాటి గుడ్డను స్పిరిట్‌తో తడిపేవాడు. ఆవిరి కిందికి దిగుతూ చల్లబడి, పలక మీద వేలెడు మందాన మబ్బు కట్టడానికి సిద్ధంగా ఉంటుంది. చార్జి ఉన్న కణం ఏదైనా దాంట్లోంచి దూసుకుపోతే, పోయిన దారి పొడవునా సన్నని చుక్కలు కడతాయి. కణం కనపడదు. తెల్లటి గీత కనపడుతుంది. అదీ రెండు క్షణాలే.

నేను పది నిమిషాలు కళ్లు చికిలించుకుని చూశాను. "ఏం కనవడ్తలేదు."

"కనవడేదాక కూసో. నీ ఆటోకేమన్న రెక్కలొస్తున్నయా?"

గీత కనపడగానే అరిచాను. కాక అరచేతితో నా నోరు మూశాడు. పక్కన ఇద్దరు ఎమ్మెస్సీ పిల్లలు ఇంకా చూడలేదు. ఆయన దగ్గర అదొక కట్టుబాటు. ముందు చూసినవాడు మిగతావాళ్లు చూసేదాకా నోరు మెదపకూడదు, వేలు చూపించకూడదు. "నువ్వు ఏలు వెడ్తె ఆళ్లు నీ ఏలును చూస్తర్రా. ఎవనిది ఆడు చూసుకోవాలె" అన్నాడు. ప్రొఫెసర్లకూ అదే రూలు. ఒకాయన ఆగలేక చూపించబోతే "సార్, మీరు జర బయటికి పోయి చాయ్ తాగి రండి" అన్నాడు.

తర్వాత ప్రతి గురువారం డ్యూటీ అయ్యాక వెళ్లేవాణ్ని. పొట్టిగా లావుగా వచ్చే గీత ఆల్ఫా కణానిది. కాక దాన్ని బీడీముక్క అనేవాడు. వంకరటింకరగా పోయేది ఎలక్ట్రాన్, తాగినోని నడక. స్కేలు పెట్టి గీసినట్టు పొడుగ్గా పోయేది మ్యూఆన్, ఎలక్ట్రాన్ లాంటిదే, బరువెక్కువ. ఆయనకు అదంటే ప్రాణం. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు గాలిని గుద్దినప్పుడు, పది పదిహేను కిలోమీటర్ల ఎత్తున పుడుతుంది. సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అందులో రెండు ముక్కలు దాని సగటు ఆయుష్షు. ఆ లెక్కన కిలోమీటరు కూడా దాటకముందే చాలామటుకు చచ్చిపోవాలి. అయినా తార్నాక దాకా వస్తుంది. అంత వేగంగా పోయేదానికి మన లెక్కలో కాలం మెల్లగా నడుస్తుంది కాబట్టి. ఇది నా బుర్రకెక్కడానికి మూడు వారాలు పట్టింది. కాక ఒక్కసారి కూడా విసుక్కోలేదు. "నాకు మూడేండ్లు వట్టింది, నువ్వు పులివి" అన్నాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు. క్లాసు జరుగుతుంటే తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని విన్నాడు, పారేసిన నోట్సులు ఏరుకుని చదివాడు. అది చూసి నేనూ చదవడం మొదలుపెట్టాను.

ఒకరోజు అడిగాను, "మ్యూఆన్ ముసలిదైతదా కాకా?"

"కాదు బిడ్డా. పుట్టినప్పుడు సావు ఎంత దూరమున్నదో, ఎంతసేపు బతికినా గంతే దూరముంటది. దాన్ని సంపేది వీక్ ఫోర్సు, అంటే బలహీన బలం. పేరుకే బలహీనం."

"మరి ఇది ఇప్పుడే ఎందుకు పోయింది, అది ఇంకా ఎందుకున్నది?"

"గా 'ఎందుకు'కు లోపల జవాబు లేదు. మనకు తెల్వక కాదు, లేనే లేదు. వేలల్ల ఎన్ని పోతయో చెప్పొచ్చు. ఏది ఎప్పుడంటే ఎవ్వడు చెప్పలేడు."

కణాల విషయంలో ఒప్పుకున్నాను. కాక విషయంలో ఒప్పుకోను. ఆ బెంచీలు ఎవరు మోయమన్నారో నాకు తెలుసు. లిఫ్టు ఎన్ని నెలల నుంచి పాడై ఉందో తెలుసు. ఛాతీ నొప్పి అంటే "గ్యాస్ అయి ఉంటుంది" అన్నది ఎవరో కూడా తెలుసు. దీని 'ఎందుకు'కు జవాబు ఉంది.

విభాగంలో రెండు నిమిషాల సంతాపం పెట్టారు. పెద్దసారు మాట్లాడుతూ, "న్యూట్రినో లాంటి మనిషి, ఏ జాడా మిగల్చకుండా సేవ చేశాడు" అన్నారు. అందరూ తలలూపారు. వెనక వరుసలో కాక భార్య ఉంది. న్యూట్రినో అంటే ఏమిటని నన్ను మెల్లగా అడిగింది. మంచి మాటేనమ్మా అని అబద్ధం చెప్పాను. న్యూట్రినోకు చార్జి లేదు, పెట్టెలో దాని గీత పడదు. జాడ మిగల్చలేదా? ఎన్ని బ్యాచీల పిల్లలు మొదటి కణాన్ని ఆయన పెట్టెలో చూడలేదు? కాంట్రాక్టువాడని హాజరు పుస్తకంలో ఆయనకు ఒక గడి ఇవ్వనిది విభాగంలోని మీరే.

చేపల సంగతి అడగడానికి వెళ్తే క్లర్కు నవ్వాడు. "అరె భాయ్, అది చేపల తొట్టే కదా. దాన్ల చేపలు కాకుంటే ఏమేస్తరు? ఆ గీతలు ఇప్పుడు స్క్రీన్ మీద వీడియో చూపిస్తున్నం, మస్తు క్లియర్‌గ." గుడ్డ పీకి పారేశారట. పలక పాత సామాన్ల గదిలో పడి ఉంది. పెద్దసారుకు ఉత్తరం ఇచ్చాను. "చూద్దాం" అన్నారు. మళ్లీ వెళ్తే మీటింగులో ఉన్నారు. పోయిన గురువారం పొద్దంతా విభాగం మెట్ల మీద కూర్చున్నాను. కాక దగ్గర గీతలు చూసిన పిల్లలే నా పక్కనుంచి ఎక్కారు, దిగారు. ఒక అమ్మాయి ఆగింది. లేచి నిలబడ్డాను. "అన్నా, జిరాక్స్ ఎక్కడ?" అని అడిగింది. చేయి చాపి చూపించాను. ఎండలో పుస్తకం నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

విభాగం పెద్దలారా, మీరు జవాబిస్తారన్న ఆశ నాకు లేదు. అయినా అడుగుతున్నాను. చేపలకు వేరే తొట్టి నేనే తెస్తాను, గుడ్డ నేనే అంటిస్తాను. ఆ పెట్టెను ప్రయోగశాలలో మళ్లీ బోర్లించండి. దాని మీద కాక పేరు రాయించండి. ఇంటిపేరుతో సహా, తెలుగులో. ఆ పేరు నేను ఇక్కడ రాయలేదు, మొదట అక్కడ ఉండాలని. వచ్చే గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపు ఔననో కాదనో కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వండి. "చూద్దాం" అని మాత్రం రాయకండి.