రద్దు బటన్ మీద అట్టముక్క

ఆఫీసులో ఆమెను అందరూ మేనత్త అంటారు. ఎవరింట్లో ఏ గొడవైనా తగుదునమ్మా అని దూరి తీర్పు చెప్పేస్తుంది కాబట్టి ఆ పేరు. కానీ ఆమె ప్రాణమంతా ఒక్క ప్రోగ్రాంలోనే ఉంది. సముద్రం అవతల ఓ పెద్ద గోడౌనులో పెట్టెలకి లేబుళ్లు అచ్చేసే ప్రోగ్రాం అది. పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని సాకింది ఈవిడే. ఆ గోడౌను గడప మాత్రం ఏనాడూ తొక్కలేదు.

దూరంతో చిక్కేమిటంటే, ఇక్కడ పొద్దున ఏదైనా అడిగితే అక్కడివాళ్లు లేచి జవాబు రాసేసరికి ఈవిడ ఇంటికి పోయేది. ఆ జవాబు అర్థం కాకపోతే ఇంకో రోజు గోవిందా. అందుకని చిన్న చిన్న సంగతులు అడగడం ఎప్పుడో మానేసి, ఊహించుకుని చేసేసేది. అచ్చు బటన్‌కి పక్కనే రద్దు బటన్ పెట్టింది కూడా అలాగే. మొదటి కొద్ది రోజులు తప్ప, ఏళ్ల తరబడి ఆ రద్దుని ఒక్కరూ నొక్కిన పాపాన పోలేదు. "రద్దు చేసే అవసరమే రానివ్వదు నా ప్రోగ్రాం!" అని మేనేజరు మొదలుకుని టీ తెచ్చే ఆయన దాకా అందరి దగ్గరా డప్పు కొట్టుకుంది.

అలాంటిది, గోడౌను యజమానికి ఉన్నట్టుండి దగ్గరితనం మీద మోజు పుట్టింది. తన వీధి చివరే ఉన్న చిన్న కంపెనీకి పని ఇచ్చేద్దామనుకున్నాడు. అక్కడి తెలుగమ్మాయికి అంతా నేర్పి అప్పగించమని కబురు.

మేనేజరు గొంతు తగ్గించి చెప్పాడు. "నెలాఖరు దాకా చూస్తారట. ఆ పిల్ల నెగ్గుకొస్తే మనకి సెలవు. తడబడితే పని మన దగ్గరే ఉంటుంది."

మేనత్త ఆ అమ్మాయికి చూడకముందే 'కొత్తపెళ్లికూతురు' అని పేరు పెట్టేసింది. వీడియోలో పాఠాలు మొదలయ్యాయి. లేబులు మీద పెట్టె బరువు రెండు చోట్ల ఎందుకు అచ్చేస్తారని కొత్తపెళ్లికూతురికి అనుమానం వచ్చింది. కుర్చీ ఇటు తిప్పి పక్కనున్న యజమానిని అడిగేసింది. ఆయన చెప్పేశాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. అదే ప్రశ్నకి జవాబు రాబట్టడానికి ఒకప్పుడు మేనత్తకి తాతలు దిగొచ్చారు! కడుపు మండిపోదూ మరి?

"ఏం నవ్వులండీ అవి! ఇన్నేళ్లలో నాతో ఒక్కసారైనా అలా నవ్వాడా ఆ మనిషి?" అంది ఇంటికొచ్చి.

మొగుడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. "పెళ్లయిన నాటినుంచీ చూస్తున్నా, నా కోసం ఒక్కరోజైనా ఇలా కుళ్లుకున్నావా నువ్వు?"

"మీ కోసం పోటీకి ఎవరొచ్చారు గనక!"

ఆ పిల్లకి అన్నీ నేర్పింది, ఒక్కటి తప్ప. నెలాఖరున సరుకు లెక్కపెట్టే ముందు లేబుళ్ల అచ్చు ఆపెయ్యాలి. ఆపకపోతే ఒకే పెట్టె రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ప్రతి నెలా ఈవిడే ఇక్కణ్నుంచి ఆపేది. ఆ ముక్క నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది. కొంపలంటుకుంటే అప్పుడు తెలిసొస్తుంది అందరికీ, మేనత్త అంటే ఏమిటో!

నెలాఖరు ముందు రోజు ఫోను మోగింది. "అక్కా, నడుచుకుంటూ గోడౌనుకి వచ్చాను. మీరెప్పుడూ చూడలేదు కదా, చూపిద్దామని."

నడిచి వెళ్లిందట! మేనత్త పళ్లు నూరుకుంటూనే ఫోనుని ముఖానికి దగ్గరగా పెట్టుకుంది. చలికి మందపాటి గ్లౌజులు తొడుక్కున్న మనుషులు, కప్పుదాకా పెట్టెలు. ఆ మధ్యలో తన ప్రోగ్రాం నడిచే టచ్ స్క్రీను. దాని కింది మూల గోధుమరంగు టేపుతో అంటించిన అట్టముక్క, అంచులు నల్లగా మాసిపోయి ఉంది.

"అదేంటి?"

పెట్టెలు మోసే నెరిసిన మీసాల తెలుగాయన ఒకడు ఫోనులోకి వంగాడు. "అదా అమ్మా, అక్కడ రద్దు అని ఒకటుంది. ఈ గ్లౌజులతో అచ్చు నొక్కబోతే వేలు పోయి దానిమీదే పడేది. చేసిందంతా మళ్లీ మొదటికొచ్చేది. అందుకని మూసేశాం."

"ఎప్పుడు?"

"ఈ మిషను వచ్చిన కొత్తలోనే."

"మరి చెప్పొద్దూ?"

"ఎవరికమ్మా? ఎక్కడో దూరాన ఉంటారన్నారు. వాళ్లకి చేరేదెప్పుడు, బాగుచేసేదెప్పుడు? ఈ చిట్టితల్లయితే రోజూ వస్తోంది, చెప్పుకుంటాం."

మేనత్తకి తల కొట్టేసినట్టయింది. ఏళ్లపాటు కొట్టిన డప్పంతా ఒక్క అట్టముక్క చలవ! అంత సిగ్గులోనూ చిట్టితల్లి అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. ఇన్నేళ్లు సాకింది తనైతే, చిట్టితల్లి అదట.

కానీ ఆ గ్లౌజుల చేతులు కళ్లెదుటే ఉన్నాయి. రేపు లెక్క తప్పితే పెట్టెలన్నీ దింపి మళ్లీ లెక్కపెట్టేది యజమాని కాదు, ఆ చేతులే.

"ఇదిగో అమ్మాయ్, విను. రేపు లెక్కకి ముందు అచ్చు ఆపెయ్. లేకపోతే పెట్టెలు రెండేసిసార్లు లెక్కకొస్తాయి."

"అయ్యో, ముందే చెప్పలేదేం అక్కా?"

"ఇప్పుడు చెప్పాగా!" అని కసిరింది. ఆ సాయంత్రమే కూర్చుని రద్దు బటన్‌ని పై మూలకి మార్చి పంపించింది.

మర్నాడు లెక్క చక్కగా కుదిరింది. దాంతోపాటే పనీ చేతులు దాటిపోయింది. మేనేజరు ముఖం వేలాడేశాడు.

కొత్తపెళ్లికూతురు మళ్లీ ఫోను చేసింది. "అక్కా, అట్టముక్క తీసేస్తున్నాం, చూడండి."

"నువ్వే తియ్యి చిట్టితల్లీ, నీవల్లేగా బాగైంది!" మీసాలాయన గొంతు.

"నేనేం చెయ్యలేదు, అంతా అక్కే."

"ఎవరైతేనేంలే, లాగు!"

టేపు గట్టిగా పట్టేసినట్టుంది. రెండు చేతులూ కావాల్సొచ్చి ఆ పిల్ల ఫోనుని బల్లమీద వెల్లకిలా పెట్టింది. మేనత్తకి గోడౌను పైకప్పు తప్ప ఏమీ కనపడలేదు. టేపు పరపరా చిరిగిన చప్పుడు వినపడింది. ఆ వెంటనే అందరి నవ్వులూ.

"అమ్మాయ్! నాకు కనపడట్లేదు!" అని మేనత్త అరిచింది. ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు.