డాక్టరమ్మ కారు రంగు ఊడదీసిన వేసవి

డెబ్బైల చివర్లో జహీరాబాదులో బొంబాయి రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉండేది. లారీలకు రంగులు వేయడం, వెనక పలకల మీద పూలూ నెమళ్ళూ గీయడం, నంబరు ప్లేట్లు రాయడం నా పని. షెడ్డు వెనకే రెండు గదుల ఇల్లు. అందులో నేనూ నా భార్యా ఉండేవాళ్ళం. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళు. లారీ అంటే నాకు లెక్కలేదు కానీ కారు అంటే జంకు. లారీ మీద కుంచె గీతలు కనబడినా ఎవరూ ఏమీ అనరు. కారు మీద వేలిముద్ర పడినా కనిపిస్తుంది.

ఒక మార్చి నెల పొద్దున డాక్టరమ్మ తన కారు తానే నడుపుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆపారు. అప్పటికి ఆమె రిటైరై రెండేళ్ళయింది. అంతకుముందు ఎన్నో ఏళ్ళు సర్కారు దవాఖానాలో కాన్పులు చేశారు. న్యాల్‌కల్, రాయికోడ్ వైపు ఊళ్ళల్లో ఎవరికైనా కాన్పు కష్టమైందని కబురొస్తే ఆ కారులోనే బయలుదేరేవారు. వానాకాలం నల్లరేగట్లో చక్రాలు దిగబడితే ఎడ్లు కట్టి లాగించుకుని మరీ వెళ్ళేవారట. మా అత్తది రాయికోడ్ దగ్గరి ఊరే. ఆమె చెప్పగా విన్నాను.

అది ఇంగ్లండులో తయారైన చిన్న కారు. గుండ్రటి మడ్‌గార్డులు, ముందుకు పొడుచుకొచ్చిన లైట్లు. ఒకప్పుడు అందంగానే ఉండి ఉంటుంది. నేను చూసేసరికి దాని మీద ఎవరో తలుపులకు పూసే ఆకుపచ్చ రంగు కుంచెతో పూసి ఉన్నారు. అది ఎండకు నెర్రెలిచ్చి, ఆ నెర్రెల్లోంచి బూడిద రంగు, దాని కింద నలుపు కనిపిస్తున్నాయి. బానెట్ మీద గోరు పెడితే పెచ్చు లేచి వచ్చింది.

"దీని రంగు మొత్తం తియ్యాలె. మీద మీద పూసుడు వద్దు," అన్నారు డాక్టరమ్మ.

"తీసినంక ఏ రంగు వెయ్యమంటరు?"

"దాని అసలు రంగే. నేరేడుపండు రంగు. నేను కొన్నప్పుడు గదే ఉండె."

పక్క షెడ్డు డెంటర్ భాయ్ మా మాటలు వింటూ దగ్గరికి వచ్చాడు. సొట్టలు తీయడంలో ఆయనను మించినవాళ్ళు ఆ రోడ్డు మీద లేరు. బీదర్ నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, యాభై దాటాయి. "ఇరవై ఏండ్ల సంది చూస్తున్న అమ్మా. గీ బండి నల్లగనే ఉండె," అన్నాడు.

"నువ్వు చూసేటాల్లకు నల్లగైంది," అన్నారామె. తర్వాత నావైపు తిరిగి, "మా తమ్ముడు గూడ గిట్లనే అంటడు. ముసలిదానికి యాది తప్పుతున్నదని ఇంట్ల అందరు నవ్వుతున్రు," అన్నారు. కోపంగా అనలేదు. కానీ ఆ మాట ఆమెను ఎక్కడో గుచ్చుతోందని నాకు తెలిసింది.

ఆ రోజుల్లో పాత రంగు తీయాలంటే మాకు తెలిసిన దారి ఒక్కటే. బ్లోల్యాంపు మంటతో కాల్చి, మెత్తబడగానే గీకడం. లారీ మందపాటి రేకు ఆ వేడికి ఓర్చుకుంటుంది. నేను డిక్కీ మూత మీద మొదలుపెట్టాను. రంగు బాగానే బుడగలు లేచింది. నాకు హుషారొచ్చి మంటను ఒకేచోట కాసేపు ఎక్కువ నిలిపాను. చల్లారాక చూస్తే అరచేయంత మేర రేకు అలలు తేలింది.

డెంటర్ భాయ్ చెక్క సుత్తితో పూటంతా కూర్చుని ఆ చోటు సరిచేశాడు. సాయంత్రం నేను డాక్టరమ్మ ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పాను. కారు తీసుకుపొమ్మంటారనుకున్నాను. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంటూ అంతా విన్నారు.

"ఇంకో తరీక లేదా?" అని అడిగారు.

నాకు గుర్తొచ్చింది. హైదరాబాదులో పని నేర్చుకునేటప్పుడు మా ఉస్తాద్ ఒకసారి విమానాల రంగు తీసే మందు గురించి చెప్పాడు. పూస్తే చాలు, నిప్పు లేకుండా రంగు లేచిపోతుందట. నేను దాన్ని ఎన్నడూ చూడలేదు. ఆ మాటే చెప్పాను.

"మరి తే పో. చదివి వాడు," అన్నారామె.

లారీ పనులు తెమిలి హైదరాబాదు పోయేసరికి ఏప్రిల్ చివరికొచ్చింది. అక్కడ మూడు దుకాణాలు తిరిగితే నాలుగో దాంట్లో దొరికింది. దుకాణంవాడు డబ్బా మీదున్న ఇంగ్లీషును నాకు అర్థమయ్యేలా చదివి చెప్పాడు. గాలి ఆడేచోట వాడాలి, వాసన పీల్చకూడదు, ఒంటి మీద పడితే వెంటనే నీళ్ళతో కడగాలి, మూత మెల్లగా తిప్పాలి. బస్సులో ఆ డబ్బాను కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చాను. డాక్టరమ్మ దవాఖానా రోజుల నాటి పల్చటి రబ్బరు తొడుగులు పంపించారు.

మర్నాడు మధ్యాహ్నం మూత తిప్పితే బుస్సుమంది. లోపల మందు గంజిలా చిక్కగా ఉంది. తీయటి ఘాటు వాసన. కుంచెతో తలుపు మీద పూశాను. అది ఏప్రిల్ ఎండ. పది నిమిషాల్లో మందు ఎండిపోయి పొరలా బిగుసుకుంది. రంగు ఎక్కడిదక్కడే ఉంది. ఈలోపు చేతికున్న తొడుగులు ఉబ్బి, జిగురుగా మారి, వేళ్ళ దగ్గర చిరిగిపోయాయి. మణికట్టు మీద మందు మొదట చల్లగా తగిలింది. మరుక్షణం నిప్పు పెట్టినట్టయింది. బిందెడు నీళ్ళు గుమ్మరించుకున్నా ఎర్రటి మచ్చ వారం రోజులు పోలేదు.

డెంటర్ భాయ్ నవ్వాడు. "విమానాల మందు విమానాలకే పనికొస్తది. ల్యాంపే నయ్యం," అన్నాడు.

ఇంట్లో అన్నం కలపకుండా కాలిన మణికట్టునే చూసుకుంటూ కూర్చున్నాను. నా భార్య సంగతేమిటని అడిగింది. షెడ్డు పని గురించి ఆమెతో ఎప్పుడూ మాట్లాడేవాణ్ణి కాను. ఆ రోజు మొత్తం చెప్పాను.

"ఎండలెందుకు పూసినవ్?" అంది.

"మరేం చేస్తరు?"

"గోరింటాకు పెట్టుకుంటే ఎండనిస్తమా? ఎండితే పండది. తడిగ ఉండాలని పైన ఆకు కట్టుకుంటం. గా మందు గూడ రంగులకు దిగేదాక తడిగ ఉండాలె కద. పొద్దుగాల నీడకు పూసి పైన ఏమన్న కప్పు."

కప్పడానికి గుడ్డ పనికిరాదు, మందునంతా పీల్చేస్తుంది. ఆమే లేచి, ఇంటి వెనక మడతపెట్టి ఉన్న యూరియా సంచుల లోపలి ప్లాస్టిక్ కవర్లు తెచ్చి, కత్తెరతో నిలువునా కోసి పరిచింది. నేను తెలిసిన లైన్‌మెన్ దగ్గర కరెంటు పనికి వాడే మందపాటి చేతి తొడుగులు రెండు జతలు అడిగి తెచ్చుకున్నాను.

మర్నాడు పొద్దు పొడవగానే కారును వేపచెట్టు నీడలోకి తోశాం. మందును ఈసారి మందంగా, ఒకే వైపు లాగుతూ పూశాను. పూసినచోట మళ్ళీ కుంచె పెట్టలేదు. వెంటనే ఆమె ప్లాస్టిక్ పరిచి, అంచులు అరచేత్తో ఒత్తింది. ఇద్దరం గాలి వచ్చే వైపుకు దూరంగా వెళ్ళి కూర్చున్నాం. అరగంట గడిచింది. ప్లాస్టిక్ కింద ఆకుపచ్చ రంగు ముడతలు పడటం మొదలైంది. పాలమీది మీగడలా ముడుచుకుని, మధ్యలో పైకి లేచింది. నేను కవరు తీసి మొండి గీకుడురేకు ఆనించాను. ఆకుపచ్చ, బూడిదరంగు రెండూ కలిసి చాపలా చుట్టుకుని కిందపడ్డాయి.

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేను రెండోచోట గీకాను. అక్కడా అలాగే వచ్చింది.

డెంటర్ భాయ్ చేతిలో సుత్తితోనే వచ్చి నిలబడ్డాడు. ఆ ముద్దను కట్టెపుల్లతో కదిలించి చూశాడు. నీళ్ళు పోసి రేకు మీద చెయ్యి పెట్టాడు. వేడి లేదు, సొట్ట లేదు. "వాహ్," అన్నాడు. తర్వాత నా భార్య వైపు చూసి, "అక్లంటే నీదమ్మా, తెలివంటే గిట్లుండాలె," అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె చీర కొంగు నడుముకు చెక్కి నాతోపాటు పనికి దిగింది. రోడ్డు మీద పోయే బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. షెడ్డులో ఆడమనిషి పనిచేయడం వాళ్ళకు వింత. ఆమె వాళ్ళవైపు కూడా చూసేది కాదు. నేను పూస్తే ఆమె కప్పేది. నేను పెద్ద చదును భాగాల మీద గీకితే, ఆమె మూలల్లోనూ కీళ్ళ పక్కనా కొబ్బరి పీచుతో, చెక్కిన వెదురు పుల్లలతో తీసేది. ఆమె తీసినచోట నేను మళ్ళీ చూడాల్సిన అవసరం రాలేదు.

నలుపు మాత్రం మొండిది. రెండోసారి మందు పూయాల్సి వచ్చింది. నాలుగో రోజున డ్రైవరు పక్క తలుపు మీద ఆ నలుపు లేచింది. కింద ఏదో ముదురు రంగు తగిలింది. నేను నలుపే మిగిలిందనుకుని గీకుడురేకు ఎత్తాను. నా భార్య నా చెయ్యి పట్టుకుంది.

"ఆగు. నీళ్ళు పొయ్యనియ్యి."

చెంబుతో నీళ్ళు పోసింది. మందు జిగటంతా జారిపోయాక తడి మీద వెలుతురు పడింది. ముదురు ఊదా, అందులో ఎరుపు జీర. పండిన నేరేడుపండు తొక్క రంగు.

నేను సైకిలెక్కి డాక్టరమ్మ ఇంటికి పోయాను. ఆమె తన తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు. తలుపు దగ్గర వంగి చూశారు. చాలాసేపు చూశారు. వేలితో ఆ రంగును మెల్లగా నిమిరారు. తమ్ముడు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"నేను చెప్పలే?" అన్నారు డాక్టరమ్మ.

"చెప్పినవక్కా. నాదే తప్పు," అన్నాడాయన.

డిక్కీ మూత లోపలి వైపు నలుపు దాకా తీసి, అరచేయంత చోట ఆ నేరేడు రంగును ముట్టకుండా వదిలేశాను, కొత్త రంగు దానికి సరిపోల్చి కలుపుకోవడానికి. మిగతా ఒళ్ళంతా తీసేసరికి పన్నెండు రోజులు పట్టింది. చివరి రోజు కారు మొత్తం కడిగి తుడిచాం. ఉత్త ఇనుము వెండిలా మెరుస్తోంది. సొట్ట తీసిన డిక్కీ మూత ఎక్కడ కాలిందో నాకే కనిపించలేదు.

అప్పుడు పడమట మొగుడంపల్లి వైపు నుంచి మబ్బు లేచింది. అది మేలో ఉన్నట్టుండి వచ్చే వాన. ఉత్త ఇనుము మీద వాన పడితే గంటల్లో తుప్పు పడుతుంది. పన్నెండు రోజుల పని మీద ఎర్ర మచ్చలు లేస్తాయి. నా షెడ్డులో చూస్తే రంగు ఆరని లారీ నిలబడి ఉంది. దాన్ని కదిలించే వీల్లేదు. నేను ప్లాస్టిక్ కవర్లన్నీ కారు మీద పరిచాను. గాలికి అవి ఎగిరిపోతున్నాయి.

"గిటు తోయి," అని అరిచాడు డెంటర్ భాయ్. అప్పటికే తన షెడ్డులోని జీపును బయటికి తోస్తున్నాడు. అది అతని చేతిలో ఉన్న పెద్ద పని.

"భాయ్, జీపు తడుస్తది."

"దానికి రంగున్నది. తడిస్తే ఏమైతది. నువ్వు తోయి ముందు."

ముగ్గురం కలిసి తోశాం. వెనక చక్రాలు షెడ్డు గడప దాటుతుండగా మొదటి చినుకులు రేకు మీద టపటపమన్నాయి. బానెట్ మీద నాలుగైదు చుక్కలు పడ్డాయి. నా భార్య పాత చీర ముక్కతో పరుగున వచ్చి తుడిచింది. బయట వాన కుండపోతగా కురుస్తుంటే, లోపల ఆమె థిన్నరు గుడ్డతో రేకంతా పొడిగా తుడుస్తూ వచ్చింది. డెంటర్ భాయ్ తన కంప్రెసర్ గాలితో కీళ్ళ సందుల్లోని తడిని ఊదాడు. వెనకే నేను తుప్పు పట్టకుండా అడుగున వేసే ఎర్ర ప్రైమరు పూస్తూ పోయాను. పొద్దు గూకేలోపు కారంతా ఎర్రబడింది. ఒక్కచోట కూడా తుప్పు పట్టలేదు. ముగ్గురం నేల మీదే కూర్చుని చాయ్ తాగాం. అంత రుచైన చాయ్ నేను తర్వాత తాగలేదు.

రంగు కలపడానికి మూడు రోజులు పట్టింది. ఎరుపు, నీలం, నలుపు చుక్కలు చుక్కలుగా కలిపి, అట్టముక్క మీద పూసి, ఆరనిచ్చి, ఆ డిక్కీ మూత దగ్గర పెట్టి చూడటం. నేను సరిపోయిందన్నది నా భార్యకు నచ్చలేదు. "ఎరుపు జర తక్కువైంది," అంది. ఇంకో మూడు చుక్కలు వేశాక ఒప్పుకుంది. ఐదు పొరలు కొట్టి, నీళ్ళలో తడిపిన గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ పెట్టాం. బానెట్‌లో వేపచెట్టు కొమ్మలు ఆకు ఆకూ కనిపించాయి.

జూన్ మొదట్లో డాక్టరమ్మ కారు తీసుకుపోవడానికి వచ్చారు. చుట్టూ ఒకసారి తిరిగి చూసి తాళంచెవి అందుకున్నారు. "ఇంటికి తర్వాత పోత. ముందు రాయికోడ్ దాక పోదాం, ఎక్కున్రి," అన్నారు. నేను ముందు తలుపు తెరవబోతే ఆపి, "నువ్వెనక కూసో. ముందల ఆమె కూసుంటది," అన్నారు. నా భార్య అంతకుముందు కారెక్కి ఎరగదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

బజారు మధ్యనుంచి పోతుంటే దుకాణాల వాళ్ళు లేచి నిలబడి చూశారు. రాయికోడ్‌లో చాయ్ హోటలు ముందు ఆపగానే పదిమంది మూగారు. పొలం నుంచి వస్తున్న ఒక నడివయసు ఆమె గంప దించి, "డాక్టరమ్మ, గిదే కారుల వచ్చి మా పెద్దోని కాన్పు చేసినవ్. గప్పుడు గూడ గిదే రంగుండె," అంది. డాక్టరమ్మ తల తిప్పి నా వైపు చూసి నవ్వారు.

హోటలాయన మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టి చూసుకుంటూ, "పట్నంల చేపిచ్చిన్రా అమ్మా?" అని అడిగాడు.

"పట్నమెందుకు? జహీరాబాదుల్నే," అన్నారు డాక్టరమ్మ. మా ఇద్దరినీ ముందుకు పిలిచి, "వీళ్ళే చేసిన్రు. ఈమె లేకపోతే ఈ పని అయ్యేదే గాదు," అన్నారు.

అందరూ నా భార్య వైపు చూశారు. ఆమె తల దించుకోలేదు. మందు ఎట్ల పూయాలో, ఎందుకు కప్పాలో హోటలాయనకు వివరంగా చెప్పడం మొదలుపెట్టింది. మేం చాయ్ తాగడం అయిపోయినా ఆమె చెబుతూనే ఉంది.