మోరిస్ పంపూ, మామ సుత్తీ

మా ఆత్మారాం మామది ఒకటే వైద్యం. ఏది ఆగిపోయినా సుత్తితో కొడతాడు. ఫ్యాను, రేడియో, గోడ గడియారం, అన్నీ ఆ దెబ్బ తిన్నవే. ఆయన ఎదుట మాట ఆపడానికి మా అత్తకు కూడా భయం.

ఈ అలవాటు తాతల నాటి మోరిస్ మైనర్ కారు వల్ల అంటుకుంది. ఇంగ్లండులో పుట్టిన ఆ కారుకు ఇంజనులోకి పెట్రోలు తోడే పంపు ఊరికే పట్టేస్తుంది. సుత్తితో నాలుగు తగిలిస్తే టకటకమని మళ్లీ తోడుతుంది. పైగా ఇప్పటి పెట్రోలులో చెరుకు నుంచి తీసిన ఇథనాల్ కలుపుతున్నారు. అది పాత రబ్బరు గొట్టాలను కొరికేస్తోంది. మామేమో బోధన్ పక్కన చెరుకు రైతు.

"నేను పండిచ్చిన చెరుకే నా బండిని తింటున్నది. ఎవలకు చెప్పుకోవాలె?" అని ఊరంతా చెప్పుకుంటాడు.

ఎండాకాలం గొట్టంలోనే పెట్రోలు ఆవిరై కారు నడిరోడ్డు మీద మొరాయిస్తుంది. మామ తలకు చుట్టిన తువ్వాల తడిపి గొట్టానికి చుడతాడు. కారుకు తలపాగా, మామ బట్టతలకు ఎండ. తోసే పని నాది.

మా వాడకట్టులో భీమవ్వ బీడీలు చుడుతుంది. షుగరు వల్ల కాలికి పుండైంది. వారం వారం నిజామాబాద్‌లోని కంఠేశ్వర్‌ దవాఖానాలో కట్టు మార్చుకోకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. బస్సు దాకా నడిస్తే పుండు రేగుతుంది. ఊరికే కారెక్కమంటే ఆమె ఎక్కదు. అందరం బతిమాలి ఓడిపోయాం.

ఒకరోజు మామ పంపును తీసి ముందు సీటులో కాళ్ల దగ్గర బిగించి, ఆమె ఇంటి ముందు కారు ఆపాడు.

"భీమవ్వా, బండి నడుపుకుంట పంపు కొట్టుడు నాతోని అయితలేదు. నువ్వు కూసొని కొట్టు. పనికి పిలుస్తున్న, పుణ్యానికి ఎక్కిస్తలేను."

పని అన్నాక ఆమె కాదనలేదు. అప్పటినుంచి టంగుటంగుమని కొట్టుకుంటూ నిజామాబాద్ వెళ్లొస్తోంది. చిత్రంగా కారు ఒక్కసారీ ఆగలేదు. తోసే పని పోయి నాకు వెనక సీటు దక్కింది. ఆమె చేతి మహిమేనని నేనూ నమ్మాను.

ఒకసారి ఆమె దవాఖానా లోపల ఉండగా, కింద పడిన సుత్తి తీద్దామని వంగాను. ఆ పంపుకు గొట్టమూ లేదు, వైరూ లేదు. వెనక డిక్కీ తెరిచి చూస్తే, కొత్త పంపు గొట్టంతో, వైరుతో హాయిగా బిగించి ఉంది. మామ నా చేతిలోని సుత్తి లాక్కుని, నోరు మూసుకోమన్నట్టు చూపించాడు. ఆ క్షణాన మామ మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, తోయమంటే బోధన్ దాకా తోసేవాణ్ని.

మొన్న డాక్టరు కట్టు విప్పి, పుండు మానింది, వేలికి భయం లేదు, ఇక రానక్కర్లేదన్నాడు. భీమవ్వ దారి పొడవునా శ్రద్ధగా కొట్టింది. ఇంటి ముందు దిగి, కారు తలుపు పట్టుకుని నిలబడింది.

"నా కాలు మంచిగైంది పటేలా. ఇగ గా పంపుకు గొట్టం పెట్టుకో."

మామకు మాట ఆగిపోయింది. సుత్తి భీమవ్వ చేతిలోనే ఉంది.