తుప్పుకు కల్లు పోసిన అత్త

మొన్న డుంబ్రిగుడ సంతలో బట్టలు పరుచుకుంటుండగా కబురొచ్చింది, మా కమ్మరత్త పోయిందని. అమ్మ బేరం మధ్యలోనే మూట కట్టేసింది. నాకైతే నమ్మబుద్ధి కాలేదు. అంత నోరున్న మనిషి దగ్గరకు రావడానికి చావుకెంత ధైర్యం!

అత్త మాకు చుట్టం కాదు, పొరుగు. మామ కొలిమిలో సమ్మెట వేస్తే ఆమె తిత్తి ఊదేది. సమ్మెట దెబ్బకు రాలిన ఇనుప పెచ్చులు, తుప్పు ముక్కలు ఎవరైనా పారేస్తారు. అత్త ఊడ్చి కుండకెత్తుకునేది. "పారేసీముందు ఓపాలి నాకి సూడాల" అనేది. నిజంగానే నాకేది కూడా.

నాన్న చనిపోయిన ఏడాదే సంతకు మిల్లు రంగుబట్టలు దిగాయి. అమ్మ నేసే తెల్లగుడ్డను అడిగేవాడే లేకపోయాడు. అస్సాం తేయాకు తోటలకు కూలీలను పోగుచేసే మేస్త్రీ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. మగ్గం విప్పేసి పిల్లలతో బయల్దేరమన్నాడు. అలా వెళ్లినవాళ్లు తిరిగి రావడం మేమెరగం. అయినా అమ్మ తలూపబోయింది.

అత్త మేస్త్రీ ముందే అడ్డుపడింది. "మగ్గం ఇప్పకే. నల్లంచు ఏసి సూడు. రంగు నానే ఇత్తాను."

ఆ సాయంత్రమే పులిసిన జీలుగు కల్లు తెచ్చి తుప్పుకుండలో కుమ్మరించింది. మామ లబోదిబోమన్నాడు.

"తాగీ కల్లు తుప్పుకి పోసీసినావేటే!"

"తుప్పు తాగితే రంగిత్తాది. నువ్వు తాగితే ఏటిత్తావు?"

ఊరు ఊరంతా నవ్వింది. అత్త మాత్రం రోజూ కుండ కలిపి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేది. వగరు తిరిగితే రంగు సిద్ధమైనట్టు. అయినా ముందు మా నూలు ముట్టలేదు. తన పెళ్లికోక చెంగునే కరక్కాయ నీళ్లలో నానబెట్టి ఆ కుండలో ముంచింది. కాటుకలా నల్లబడింది గానీ, రంగు ఘాటెక్కి ఉతకగానే చిల్లులు పడింది. "నా కోకే కదా" అని ఆ చిల్లుల చెంగు కప్పుకునే సంతంతా తిరిగింది, మహాతల్లి! తర్వాత నీళ్లు కలిపి పలచన చేసి, అప్పుడు మా నూలు ముంచింది. ఆ నలుపు నేటికీ వెలవలేదు. మేస్త్రీ మళ్లీ వచ్చేసరికి మా నల్లంచు గుడ్డకు సంతలో బేరాలు జోరుగా సాగుతున్నాయి. ఈ కొండల్లోనే మేం మిగిలామంటే ఆమె చలవే.

ఆ నల్లంచు గుడ్డే ఆమెకు కప్పి సాగనంపాం. చావింట అందరికీ ఆకుదొప్పల్లో కల్లు పంచారు. అమ్మ తన దొప్ప తాగకుండా కొలిమి మూలకు వెళ్లి అత్త తుప్పుకుండలో పోసింది. కలిపి, వేలు నాలుక మీద పెట్టుకుంది.

"ఒగరింకా రానేదు వదినా" అంటూ ఏడ్చేసింది.

మామ మెల్లగా లేచి వచ్చి, తన దొప్ప కూడా కుండలోకి వంచాడు.